సంతకు గోడలుండవు: ఆపద వేళ కణంలో కూడే గుంపులు

అనంతపురంలో మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, తిరుగుతున్న ఫ్యాను కూడా ఇక్కడే ఉంది. రండి, పర్వాలేదు, నేనేమీ ప్రశ్నలు అడగను. అడుగుతాను గానీ మార్కులు వేయను.

మొదటి ప్రశ్న ఇప్పుడే. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మీలో ఎంతమంది బయట తిరిగారు? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు. ఆ మూడో ఆయన ఆటో నడుపుతానంటున్నారు, ఆయనకు తప్పదు. మిగిలినవాళ్లంతా ఎక్కడున్నారు? ఇంట్లో, తలుపులు ఓరగా వేసుకుని, తడిపిన తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని. టవర్ క్లాక్ దగ్గర దుకాణాల షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. వేపచెట్టు కింద ఆవు తోక కూడా కదపడం లేదు. ఊరు ఊరంతా పని ఆపేసింది. దీన్ని సోమరితనం అంటామా? అనం. మే నెల మధ్యాహ్నం పని ఆపనివాడిని తెలివి తక్కువవాడు అంటాం. క్షమించాలి ఆటో అన్నా, మిమ్మల్ని కాదు.

మన ఒంట్లోని కణం కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. ఎండ దెబ్బ తగిలినా, విషం తగిలినా, వైరస్ జొరబడినా, తిండి అందకపోయినా, ముందు పని ఆపుతుంది. పని ఆపాక ఏం చేస్తుంది? అదే ఈ సాయంత్రం కథ. పని ఆగిన కొద్ది నిమిషాలకే కణం లోపల చిన్న చిన్న గుంపులు కూడతాయి. జన్యువుల సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు కలిసిన గుంపులు. ఇంగ్లీషులో వీటిని స్ట్రెస్ గ్రాన్యూల్స్ అన్నారు. ఆపద పోగానే ఆ గుంపులు విడిపోతాయి. కూడటం, విడిపోవడం. ఈ రెండింటిలో ఏది గొప్ప సంగతో చివరికి మీరే తేల్చండి.

కథ ఎక్కడ మొదలైందో చెబితే మీకు నచ్చుతుంది. టమాటాలో మొదలైంది. అవును, టమాటానే. కక్కలపల్లి మార్కెట్లో ఒక రోజు బంగారమై, మరో రోజు రోడ్డు పక్కన పారబోతకు కూడా కూలి గిట్టని మన టమాటా. 1983లో తూర్పు జర్మనీలోని హాలే పట్టణంలో లుట్జ్ నోవర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు టమాటా కణాలను, టమాటా ఆకులను 40 డిగ్రీల దరిదాపు వేడిలో ఉంచి చూశారు. కణద్రవ్యంలో, అంటే కణం లోపల నిండి ఉండే ద్రవంలో, చిక్కటి చుక్కలు కనిపించాయి. మామూలు వేడిలో పెరిగిన మొక్కలో ఆ చుక్కలు లేవు. ఆపైన 1989లో, ఈ చుక్కలకు కొన్ని ఆర్‌ఎన్‌ఏలు అంటుకుని ఉన్నాయని వాళ్లే రాశారు. అంటే, ఎండలో మొక్క తన ఆర్‌ఎన్‌ఏలను దాచుకుంటోందేమో అన్న ఆలోచన మొదటిసారి అక్కడ మెదిలింది.

నిజానికి అంతకు ఇరవై ఏళ్ల ముందే వేడికి కణం స్పందిస్తుందని ఇటలీలో రిటోసా అనే ఆయన పట్టుకున్నారు, 1962లో. ఎలా పట్టుకున్నారు? ప్రయోగశాలలో ఎవరో ఆయన ఈగలున్న పెట్టె వేడి పెంచేశారు. మర్నాడు ఈగల క్రోమోజోములు చూస్తే, ఎప్పుడూ లేని చోట ఉబ్బెత్తులు కనిపించాయి. ఇంకొకరైతే ఆ ఈగలను పారేసి, వేడి పెంచినవాడిని నాలుగు తిట్టి మళ్లీ మొదలుపెట్టేవారు. ఈయన చూసింది రాసుకున్నారు. పిల్లలూ, మీ ప్రాక్టికల్ రికార్డులో లెక్క తప్పినప్పుడు పక్కవాడి రికార్డు చూసి దిద్దేస్తారే, అప్పుడు ఈయనను తలుచుకోండి.

టమాటా గురించి ఒక మాట సరిదిద్ది ముందుకు పోతాను. నోవర్ చూసిన చుక్కలు, నేను ఈ రోజు చెప్పబోయే గుంపులు అచ్చంగా ఒకటే కావని తర్వాత తేలింది. మొక్కల్లో రెండూ ఉంటాయి, వేర్వేరుగా ఉంటాయి. అయినా దారి చూపింది మాత్రం ఆ టమాటానే.

ఇప్పుడు కణం లోపలికి వెళ్దాం. విజ్ఞానం చదవనివారు కంగారు పడకండి, మనందరికీ తెలిసిన వేరుశనగ చేనులోంచే వెళ్దాం.

చేనులో సాలు ఉంటుంది కదా. కలుపు తీసే అక్కలు ఏం చేస్తారు? సాలు ఈ చివర కూర్చుని, కలుపు తీసుకుంటూ ఆ చివరికి వెళ్తారు. ఒకరి వెనక ఒకరు. ఒక అక్క నాలుగడుగులు ముందుకు జరగ్గానే, వెనక ఇంకో అక్క అదే సాలులో దిగుతుంది. ఎవరి గంప వాళ్లది. సాలు చివరికి చేరేసరికి గంప నిండుతుంది. కణంలో సాలు అంటే వార్తాహర ఆర్‌ఎన్‌ఏ. ఫలానా ప్రోటీన్ ఎలా తయారు చేయాలో రాసి ఉన్న పొడవైన చీటీ అది. కూలికి వచ్చిన అక్కలు రైబోజోములు. గంపలో నిండేది ప్రోటీన్. ఒక్కో రైబోజోము ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలను సెకనుకు అయిదారు కూర్చుకుంటూ పోతుంది. ఓ మోస్తరు ప్రోటీన్ తయారవడానికి నిమిషం, నిమిషంన్నర పడుతుంది. ఒకే చీటీ మీద ఒకేసారి పది రైబోజోములు వరుసగా సాగుతుంటాయి. మన కణంలో ఇలాంటి సాళ్లు లక్షల్లో ఉంటాయి.

సరే, మిట్ట మధ్యాహ్నం అయింది. పని ఆపాలి. ఎలా ఆపాలి? రెండు దారులున్నాయి. చేనులో ఉన్నవాళ్లందరినీ ఉన్నచోటే ఆగిపొమ్మనవచ్చు. లేదా కొత్తగా ఎవరినీ సాలులో దిగనీయకుండా, దిగినవాళ్లను పని ముగించుకుని వెళ్లనివ్వవచ్చు. కణం ఏది చేస్తుందనుకుంటున్నారు? రెండోది. గట్టు దగ్గర ఆపుతుంది. దిగినవాళ్లు మర్యాదగా చివరిదాకా వెళ్లి, గంప దించి, వెళ్లిపోతారు. కొన్ని నిమిషాల్లో సాళ్లన్నీ ఖాళీ.

గట్టు దగ్గర ఆపేది ఎవరు? ఇక్కడ కొంచెం పేర్లు వస్తాయి, ఓపిక పట్టండి. ప్రతి ప్రోటీన్‌కు మొదటి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చి, పని మొదలుపెట్టించే ఒక సహాయక ప్రోటీన్ ఉంది. దాని పేరు ఇఐఎఫ్2. దీన్ని కూలీలను చేనుకు తెచ్చే ఆటో అనుకోండి. ఒక ట్రిప్పు వేశాక ఆ ఆటోకు మళ్లీ ఇంధనం కావాలి. ఆ ఇంధనం పోసే బంకు ఇంకో ప్రోటీన్, ఇఐఎఫ్2బి. ఆటోలు చాలా ఉన్నాయి, బంకులు కొన్నే. ఆపద వచ్చినప్పుడు కణం ఏం చేస్తుందంటే, కొన్ని ఆటోలకు ఒక ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తుంది. ఆ ప్రోటీన్ గొలుసులో 51వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద. ఆ ముక్క తగిలిన ఆటో బంకు దగ్గరికి వెళ్లి, అక్కడే అడ్డంగా బిగుసుకుంటుంది. కదలదు. ఇంక వెనక ఎన్ని మంచి ఆటోలుండి ఏం లాభం? అన్ని ఆటోలనూ చెడగొట్టాల్సిన పని లేదు చూడండి. బంకులను మూసేటన్ని చెడితే చాలు, ఊరంతా ఆగిపోతుంది. ఆటో అన్న నవ్వుతున్నారు. ఆయనకు ఈ బాధ తెలుసు.

ఆ ఫాస్ఫేట్ తగిలించేవాళ్లు నలుగురు. నాలుగు దిక్కుల నలుగురు కావలివాళ్లు. ఒకరు ప్రోటీన్లు మడత పడే కర్మాగారంలో గందరగోళాన్ని కనిపెడతారు. ఒకరు వైరస్ వచ్చిందా అని చూస్తారు, జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే చాలు పట్టేస్తారు. ఒకరు అమైనో ఆమ్లాల కరువును చూస్తారు. నాలుగో ఆయన సంగతి మన ఆడపిల్లలకు చెప్పాలి. ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట, ఇనుముతో తయారయ్యే హీము తగ్గితే, దానితో కలిసి హిమోగ్లోబిన్ అయ్యే గ్లోబిన్ తయారీని ఆపించేది ఆయనే. ఇనుము లేకుండా గ్లోబిన్ కుప్పలుగా తయారైతే కణానికే ప్రమాదం. కాబట్టి రక్తహీనతలో కూడా కణం ఆలోచించి మరీ పని తగ్గించుకుంటోందన్నమాట. ఈ నాలుగో ఆయనే ఆర్సెనిక్ విషానికి కూడా స్పందిస్తాడు. అందుకే ప్రయోగశాలల్లో ఈ గుంపులు చూడాలంటే సోడియం ఆర్సెనైట్ వేస్తారు. అరగంటలో గుంపులు సిద్ధం.

సాళ్లు ఖాళీ అయ్యాయి. చీటీలు బోసిగా పడి ఉన్నాయి. ఇప్పుడు అసలు సంగతి.

1999లో అమెరికాలోని బోస్టన్‌లో నాన్సీ కెడర్షా, పాల్ ఆండర్సన్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. గట్టు దగ్గర పని ఆగడానికీ, ఈ గుంపులు కూడటానికీ ఉన్న లంకెను వాళ్లు చూపించారు. టియా-1 అని ఒక ప్రోటీన్ ఉంది, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్. మామూలు రోజుల్లో అది ఎక్కువగా కేంద్రకంలో ఉంటుంది. ఆపద వేళ కేంద్రకంలోంచి బయటికి వచ్చి, ఖాళీ చీటీలను పట్టుకుని గుంపు కడుతోంది.

ఖాళీ చీటీల వల్లే గుంపులు కూడుతున్నాయని ఎలా తెలుసు? మంచి ప్రశ్న, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. వాళ్లు రెండు మందులు వాడారు. సైక్లోహెక్సిమైడ్ అనే మందు వేస్తే రైబోజోములు సాలు మధ్యలో ఉన్నచోటే బిగుసుకుపోతాయి. ఎక్కడి అక్క అక్కడే. సాలు ఖాళీ కాదు. అప్పుడు గుంపులు కూడలేదు, కూడిన గుంపులు కూడా కరిగిపోయాయి. ప్యూరోమైసిన్ అనే ఇంకో మందు వేస్తే రైబోజోములు పని సగంలో వదిలేసి దిగిపోతాయి. సాళ్లు త్వరగా ఖాళీ అవుతాయి. అప్పుడు గుంపులు ఎక్కువయ్యాయి. చూశారా? రెండు మందులూ ప్రోటీన్ తయారీని ఆపేవే. కానీ ఒకటి గుంపును చెదరగొట్టింది, ఒకటి పెంచింది. కాబట్టి పని ఆగడం ఒక్కటే కారణం కాదు, సాలు ఖాళీ కావడం కారణం. ఇంత శుభ్రమైన ప్రయోగం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని, ఇలాంటి ప్రయోగం ఒక్కటి నా చేతి మీదుగా జరిగితే చాలనుకునేవాడిని. జరగలేదు లెండి.

ఇప్పుడు పేరు దగ్గర ఒక తగువు ఉంది. గ్రాన్యూల్స్‌ను తెలుగులో ఏమనాలి? ఒక మిత్రుడు గుళికలు అన్నాడు. నేను వద్దన్నాను. మన రైతుకు గుళికలంటే ఏమిటి? పురుగు మందు గుళికలు. చల్లితే పురుగు చస్తుంది. ఇవి చంపేవి కావు, బతికించేవి. రేణువులు అందామంటే, రేణువు ఇసుకలా గట్టిగా ఉంటుంది. ఇవి గట్టిగా ఉండవు. అందుకే నేను గుంపులు అంటున్నాను. అందం లేని మాటే, కానీ అబద్ధం లేని మాట.

ఎందుకంటే వీటి చుట్టూ గోడ లేదు. పొర లేదు. కేంద్రకానికి పొర ఉంది, మైటోకాండ్రియాకు పొర ఉంది, చిన్నప్పటి నుంచి బొమ్మలు గీశాం. వీటికి లేదు. మొదట్లో నేను తరగతిలో వీటిని పాతర అని చెప్పేవాడిని. పాతర తెలుసు కదా? పిల్లలకు తెలియదు. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవాళ్లు. కరువు వస్తే తీసేవాళ్లు. కరువు అంటే మామూలు కరువా? 1876లో వచ్చిన ధాత కరువు పేరు మా అవ్వ నోట విన్నాను, ఆమె దాన్ని వాళ్ల అవ్వ నోట విన్నది. కాబట్టి పాతర మాట నాకు తియ్యగా ఉండేది. కణం కూడా కరువు వచ్చినప్పుడు చీటీలను పాతరలో దాచుకుంటుంది అని చెప్పేవాడిని. పిల్లలు రాసుకునేవారు. వినడానికి చాలా బాగుంటుంది. కానీ తప్పు.

ఎందుకు తప్పు? పాతరలో పోసిన జొన్న మూత తీసేదాకా అక్కడే ఉంటుంది. ఈ గుంపులోని ప్రోటీన్లు అలా ఉండవు. ఒక ప్రయోగం చెబుతాను. ప్రోటీన్‌కు మెరిసే తోక ఒకటి తగిలిస్తారు, సూక్ష్మదర్శినిలో గుంపు మిణుగురులా మెరుస్తుంది. లేజరుతో ఆ ఒక్క గుంపులోని మెరుపును ఆర్పేస్తారు. పాతర అయితే ఏం కావాలి? చీకటిగానే ఉండిపోవాలి. కానీ కొన్ని సెకన్లలో మళ్లీ మెరుస్తుంది! ఆరిపోయినవి బయటికి పోయాయి, మెరిసేవి బయటి నుంచి లోపలికి వచ్చాయి. గుంపు అలాగే ఉంది, గుంపులోని మనుషులు మారిపోయారు.

ఇలాంటిది మన ఊళ్లో ఏముంది? సంత! సంతకు గోడ ఉందా? లేదు. మరి సంత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీకు తెలియదా? తెలుస్తుంది. పది గంటలకు సంతలో ఉన్న మనిషి పదకొండుకు ఉండడు, అయినా సంత ఉంటుంది. కొందరు మాత్రం తెల్లవారి నుంచి కదలరు, గుడ్డ పరుచుకుని కూర్చున్న వ్యాపారులు. గుంపులో కూడా అంతే. లోపల కొంత స్థిరంగా ఉండే గట్టి భాగం, దాని చుట్టూ వచ్చిపోయే పలుచని భాగం ఉన్నాయని 2016లో చూపించారు. కాబట్టి పాతర కొట్టేయండి. సంత రాసుకోండి.

గోడ లేకుండా నీళ్లలాంటి కణద్రవ్యంలో గుంపు ఎలా నిలుస్తుంది? దీనికి జవాబు మీ వంటింట్లో ఉంది. చారు మీద పోపు నూనె చుక్కలు చూడండి. చుక్కకు పొర ఉందా? లేదు. అయినా చుక్క చుక్కగానే ఉంటుంది. గరిటెతో రెండు చుక్కలను దగ్గరికి నెడితే కలిసి ఒక పెద్ద చుక్క అవుతుంది. ద్రవంలోంచి ద్రవం విడిపడి నిలవడం ఇది. 2009లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, ఆంథొనీ హైమన్, వాళ్ల సహచరులు ఒక చిన్న నులిపురుగు పిండంలో ఇలాంటి పొరలేని కణికలు నూనె చుక్కల్లాగే జారుతున్నాయని, కలుస్తున్నాయని చూపించారు. ఆ ఇద్దరికీ 2023లో బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది. వాళ్లు చూసింది ఈ గుంపులను కాదు, వీటి దాయాదులను. ఆ చూపు వచ్చాక మన గుంపులు కూడా కొత్తగా అర్థమయ్యాయి. మొదట చిన్న చిన్నవి చాలా కూడతాయి, తర్వాత కలిసిపోయి కొన్ని పెద్దవి మిగులుతాయి. పెద్దవి అంటే ఎంత? ఒక మైక్రోమీటరు అటూ ఇటూ. వెంట్రుక మందంలో డెబ్బయ్యో ఎనభయ్యో వంతు.

సంతకు నడిబొడ్డు మనిషి ఒకడుండాలి కదా. అతని పేరు జి3బిపి1. 2020లో మూడు వేర్వేరు బృందాలు ఒకే పత్రికలో, ఒకేసారి ఈ సంగతి చెప్పాయి. మామూలు వేళ ఈ ప్రోటీన్ చేతులు కట్టుకుని తనలో తాను ముడుచుకుని ఉంటుంది. ఖాళీ అయిన ఆర్‌ఎన్‌ఏ పోగులు చుట్టూ పెరిగినప్పుడు ఆ ముడి విడిపోతుంది. చేతులు చాస్తుంది. ఒక చేత్తో ఆర్‌ఎన్‌ఏను, మరో చేత్తో తోటి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. పట్టుకునే చేతులు ఒక మోతాదు దాటగానే వల అల్లుకుని గుంపు విడిపడుతుంది. కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా. పాలలో తోడు వేశాక ఎంతసేపూ పాలే, చూస్తుండగా పెరుగు. అలా అన్నమాట. ఉపమానాలు ఎక్కువయ్యాయా? చేను, ఆటో, సంత, చారు, పెరుగు. ఇంటికి వెళ్లి అన్నీ కలిపి చెప్పకండి, మీ ఇంట్లోవాళ్లు నన్ను తిడతారు.

ఇప్పుడు నేను నా తప్పు రెండోది ఒప్పుకోవాలి. ఆపద వేళ కణంలోని చీటీలన్నీ గుంపులోకి వెళ్లి భద్రంగా దాక్కుంటాయని కూడా చెప్పేవాడిని. చాలామంది ఇప్పటికీ అలాగే చెబుతారు. 2017లో అమెరికాలోని కొలరాడోలో రాయ్ పార్కర్ బృందం గుంపులను విడదీసి లెక్కపెట్టింది. మొత్తం వార్తాహర ఆర్‌ఎన్‌ఏలో గుంపుల్లో ఉన్నది ఎంత? సుమారు 10 శాతం. పదింట తొమ్మిది బయటే ఉన్నాయి! పొడవైన చీటీలు, మామూలుగానే పని తక్కువ జరిగే చీటీలు ఎక్కువగా లోపలికి వెళ్తున్నాయి. ఇంకొకటి, వేడి నుంచి కాపాడే ప్రోటీన్‌ల చీటీలు, హెచ్‌ఎస్‌పి70 లాంటివి, గుంపులోకి వెళ్లవు. బయట ఉండి పని చేస్తూనే ఉంటాయి. ఊరంతా షట్టర్లు దించినా మందుల దుకాణం, సోడా బండి తెరిచి ఉన్నట్టు.

మరి 10 శాతం కోసం ఇంత సంత దేనికి? అడగండి, అడగాలి. నా అభిప్రాయం చెబుతాను. గుంపులో ఏం దాచారన్నదాని కంటే, గుంపు వల్ల బయట ఏం తగ్గింది, గుంపు ఎక్కడ కూర్చుంది అన్నవి పెద్ద ప్రశ్నలు. ఉదాహరణ. కణం తనను తాను చంపుకునే సంకేతాల దారి ఒకటుంది. ఆ దారిలో పనిచేసే రాక్1 అనే ప్రోటీన్‌ను గుంపు లోపలికి లాక్కుంటుందని, అందువల్ల చావు సంకేతం ముందుకు సాగదని 2008లో జపాన్‌లో చూపించారు. తగువు పెట్టేవాడిని సంతలో కూర్చోబెట్టి మాటల్లో పెట్టడం ఇది. ఇంకో ఉదాహరణ, 2023లోది. కణంలో లైసోజోము అనే ఆమ్లపు సంచి ఉంటుంది. దానికి చిల్లు పడితే ఆమ్లం కారుతుంది. ఆ చిల్లు దగ్గర ఈ గుంపు కూడి బిరడాలాగా అడ్డుపడుతోందని లండన్ శాస్త్రవేత్తలు చూపించారు. బానకు చిల్లు పడితే బంకమన్ను పెడతామే, అది. పాతర అన్న మాటతో ఇది మీకు తట్టేదా? నాకు తట్టలేదు.

ఇవి నిజంగా కాపాడతాయా అని అనుమానం ఉన్నవారికి నేను ఇంకో సాక్ష్యం చెబుతాను. దొంగ ఒక ఇంటికి కన్నం వేసే ముందు కుక్కకు విషం పెట్టాడంటే, ఆ కుక్క పనికొచ్చే కుక్కే అని అర్థం. పోలియో వైరస్ కణంలో దూరగానే ఏం చేస్తుందో తెలుసా? తన దగ్గరున్న కత్తెర లాంటి ఎంజైముతో జి3బిపిని కోసేస్తుంది. నడిబొడ్డు మనిషినే నరికేస్తుంది. ఇది 2007లో తేలింది. కోవిడ్ వైరస్ కూడా తన ఆర్‌ఎన్‌ఏను చుట్టి ఉంచే ప్రోటీన్‌తో ఇదే జి3బిపిని పట్టుకుని, గుంపు కూడకుండా అడ్డుకుంటుంది. ఈ రెండు వైరస్‌లూ చుట్టాలు కావు. ఒకే కుక్క మీద ఇద్దరు దొంగలు పగబట్టారంటే ఆలోచించండి.

ఇప్పటిదాకా కూడటం గురించి చెప్పాను. విడిపోవడం గురించి చెప్పకపోతే సగం కథే.

ఆపద తొలగిన గంట, రెండు గంటల్లో గుంపులు కరిగిపోతాయి. వాటంతట అవే కాదు. ప్రోటీన్లను సరిచేసే సహాయక ప్రోటీన్లు వస్తాయి. విసిపి అనే యంత్రం లాంటి ప్రోటీన్ వస్తుంది, శక్తిని ఖర్చు చేసి, చిక్కుకున్నవాటిని ఊడలాగుతుంది. సంత ముగిశాక ఊడ్చేవాళ్లు రాకపోతే ఏమవుతుందో మీకు చెప్పాలా? మర్నాడు ఆ వీధిలో నడవగలమా?

ఏఎల్‌ఎస్ అని ఒక జబ్బు ఉంది. మోటార్ న్యూరాన్ జబ్బు అంటారు. స్టీఫెన్ హాకింగ్‌కు ఉన్నది అదే. వెన్నుపాము నుంచి పాదం దాకా మీటరు పొడవు పోయే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, మనిషి కదలిక పోతుంది. ఈ రోగుల్లో చాలా ఎక్కువ మంది నరాల కణాల్లో టిడిపి-43 అనే ప్రోటీన్ ముద్దలు కట్టి ఉందని 2006లో కనుక్కున్నారు. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్ అది. ఆ తర్వాత కొన్ని కుటుంబాల్లో జన్యు లోపాలు వెతికితే ఏమేం దొరికాయి? ఊడ్చే విసిపిలో లోపం. గుంపులో ఉండే హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పిఎ1 అనే ప్రోటీన్‌లో లోపం. 2017లో, మన పాత పరిచయం టియా-1లో లోపం. నూనె చుక్క లాంటి గుంపు తొందరగా విడిపోక, చిక్కబడి, చిక్కబడి, గడ్డకడుతోంది. ఇలాంటి ముద్దలన్నీ ఈ గుంపుల నుంచే పుడతాయని నేను అనడం లేదు, అలా అనేవారితో వాదించేవారు గట్టివాళ్లే ఉన్నారు. కానీ ఒకే జబ్బు ఇన్నిసార్లు ఈ ఒక్క వీధిలోనే కనిపిస్తే, ఆ వీధిని సోదా చేయాల్సిందే.

ఇంకొక చేదు మాట. ఈ గుంపు మంచివాడిని, చెడ్డవాడిని చూడదు. కేరాస్ అనే జన్యువు చెడిన క్యాన్సర్ కణాలు ఈ గుంపులను ఎక్కువగా కట్టుకుని ఆపదలను తట్టుకుంటున్నాయని 2016లో తేలింది. వేపచెట్టు నీడ దొంగకూ నీడే.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. నీళ్లు కొంచెం ఇటు ఇవ్వండి.

ఆ వెనక తువ్వాలు వేసుకున్న అయ్య అడుగుతున్నారు, బయట 43 డిగ్రీలుంటే మన ఒంట్లో ఈ గుంపులు కూడతాయా అని. అయ్యా, బయట 43 ఉన్నా మీ ఒంట్లో 37 దగ్గరే ఉంటుంది. చెమట దాన్ని కాపాడుతుంది. ప్రయోగశాలలో కణాన్నే 43లో ముంచుతారు. కాబట్టి ఎండలో నడిచిన ప్రతిసారీ గుంపులు కూడాయని భయపడనక్కర్లేదు. వడదెబ్బ తగిలి ఒంటి లోపలి వేడి 40 దాటితే అది వేరే సంగతి, అప్పుడు గుంపుల గురించి ఆలోచించకండి, తడి గుడ్డలు చుట్టి ఆసుపత్రికి తీసుకుపోండి. మీ చేనులోని మొక్కకు మాత్రం ఈ సౌకర్యం తక్కువ. నీరు ఉన్నంతవరకు ఆకు ఆవిరి వదిలి చల్లబడుతుంది. నీరు లేకపోతే ఎండ ఎంతో ఆకు అంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీటి ఎద్దడిలో మొక్క పడే పాటు మనం పడం.

ఈ గుంపులు పెంచడానికి మాత్ర ఏమైనా ఉందా అంటున్నారు. ఎందుకమ్మా పెంచడం? ఇప్పుడే కదా గడ్డకట్టే జబ్బు చెప్పుకున్నాం. కరిగించే మందు మీద పరిశోధన ఉంది. ఇస్రిబ్ అని ఒక రసాయనం, మన బంకు దగ్గరి అడ్డును తొలగించి గుంపులను కరిగిస్తుంది. అది ఇంకా దుకాణంలో అడిగి కొనుక్కునే మందు కాదు.

చివరి ప్రశ్న. చెప్పమ్మా. డిగ్రీ రెండో సంవత్సరమా? బాగుంది. ఏమంటోందంటే, సార్, గుంపులోకి వెళ్లిన చీటీ మీద పని అస్సలు జరగదా, మీరు సాలు ఖాళీ అయితేనే గుంపు అన్నారు కదా, లోపల ఒక్క అక్క కూడా ఉండదా?

పట్టేశావు తల్లీ. నేను తప్పించుకుందామనుకున్న చోటే పట్టుకున్నావు. మేమంతా ఉండదనే చదువుకున్నాం. 2020లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక బృందం ఒక్కొక్క చీటీని విడివిడిగా మెరిపించి, గంటల తరబడి కనిపెట్టి చూసింది. గుంపులో ఉన్న కొన్ని చీటీల మీద ప్రోటీన్ తయారవుతూనే ఉంది. అక్కడే మొదలై అక్కడే ముగిసిన పని కూడా కనిపించింది. గుంపులోంచి బయటికి వచ్చి మళ్లీ మామూలు పనిలో పడినవీ కనిపించాయి. అంటే, సంతలో కూర్చుని కూడా కొందరు కలుపు తీస్తున్నారన్నమాట. కుదరని ఉపమానం, కానీ నిజం అదే.

బోర్డు మీద చూడండి, గుంపు బొమ్మ గీశాను, లోపల ఒక్క రైబోజోము కూడా గీయలేదు. ఆ చాక్‌పీసు ఇలా ఇవ్వండి. లేదు, నువ్వే రా తల్లీ, వచ్చి గీయి.